పాపం అనే మాట

రాత్రి పదకొండు దాటింది. అమెరికా వాళ్ళతో కాల్ ముగించి మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. ఇక పడుకుంటుంది కదా అనుకున్నాను. పెరుగన్నం తిని, పళ్ళెం సింకులో పడేసి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. ఆఫీసు లాప్‌టాప్ పక్కకి జరిపి తన సొంత కంప్యూటర్ ఆన్ చేసింది. తెర మీద ఒక అడవి, నెగడు, నెగడు చుట్టూ నలుగురైదుగురు మనుషులు. వాళ్ళలో ఒకడికి తెల్లటి ఉంగరాల జుట్టు, పాలిపోయిన మొహం, మాటమాటకీ వెటకారం.

"ఎవరే ఇతను?" అన్నాను.

"నా సహచరుడమ్మా" అంది నవ్వుతూ.

ఆ మాట అది కావాలనే అందని నాకు తెలుసు. భర్త అనే మాటలో భరించడం, ఏలడం ఉన్నాయని, అది మాకొద్దని, మా తరం వాళ్ళం సహచరుడు అనే మాటని పట్టుకున్నాం. సభల్లో అలాగే పరిచయం చేసుకున్నాం, పుస్తకాల అంకితాల్లో అలాగే రాసుకున్నాం. 2016లో దాని పెళ్ళి శుభలేఖ నేనే రాశాను. అందులోనూ ఆ మాటే పెట్టించాను. ఆ సహచర్యం ఐదేళ్ళు నడిచింది.

గుంటూరులో ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లలకి తెలుగు పాఠం చెప్పి 2020లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది కొండాపూర్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ రాత్రి అంటే నిద్రకి సంబంధించినది కాదు. బాల్కనీలో నిలబడితే ఒంటిగంటకి కూడా గచ్చిబౌలి వైపు అద్దాల మేడల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కిందికి క్యాబ్‌లు వచ్చి ఆడపిల్లల్ని దింపి పోతుంటాయి. ఈ మేడలన్నింటికీ మొదటిదైన సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనప్పుడు మా పిల్ల రెండో తరగతి. పేపర్లో ఆ బొమ్మ చూపించి, పెద్దయ్యాక నువ్వు ఇలాంటి చోట పని చేస్తావు, ఎవరి మీదా ఆధారపడవు అని చెప్పాను. పని చేస్తోంది. ఎవరి మీదా ఆధారపడదు కూడా. అంతమాత్రాన అన్నీ అయిపోతాయని నేనెందుకు అనుకున్నానో!

ఆట సంగతికి వస్తాను. కంప్యూటర్ ఆటలంటే కార్ల పందేలు, తుపాకులు అనుకునేదాన్ని. రోల్ ప్లేయింగ్ గేమ్స్ అని ఇంకో రకం ఉన్నాయి. వాటిలో మనం ఒక పాత్ర వేస్తాం. ఆడో మగో, ఏ జాతో, ఎలాంటి మనిషో మనమే నిర్ణయించుకుంటాం. ఎవరైనా ఎదురై మాట్లాడితే మనం ఇవ్వగల జవాబులు నాలుగైదు తెర మీదికి వస్తాయి. వాటిలో ఏది ఎంచుకుంటే కథ అటు తిరుగుతుంది. దారిలో కొందరు మనతో కలుస్తారు. వాళ్ళని కంపానియన్లంటారు. వాళ్ళకో గతం ఉంటుంది, మంచీ చెడూ ఉంటాయి, మన పనుల మీద అభిప్రాయాలుంటాయి. మా అమ్మాయి ఆడుతున్నది బాల్డర్స్ గేట్ 3. 1974లో అమెరికాలో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట నియమాలతో బెల్జియంకి చెందిన లేరియన్ స్టూడియోస్ తయారు చేసి 2023 ఆగస్టులో విడుదల చేసింది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా ఎంపికైంది. ఆ తెల్లజుట్టు వాడికి గొంతిచ్చిన నీల్ న్యూబన్‌కి కూడా ఉత్తమ నటన బహుమతి వచ్చింది.

వాడి పేరు అస్టారియన్. మొదటిసారి కనబడినప్పుడే మన గొంతు మీద కత్తి పెడతాడు. తర్వాత తియ్యగా మాట్లాడి వెంట వస్తాడు. ఆపదలో ఉన్నవాళ్ళ కోసం మనం ఆగితే విసుక్కుంటాడు. తెలివిగా ఎవర్నయినా బుట్టలో వేసుకుంటే మెచ్చుకుంటాడు. ఒక రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చూస్తే మన మెడ మీదికి వంగి ఉంటాడు. రక్తం తాగే పిశాచి అని అప్పుడు బయటపడుతుంది. ఆ పైన మెల్లమెల్లగా కథ చెప్తాడు. కాజడార్ అనే యజమాని వాణ్ణి రెండు వందల ఏళ్ళు బానిసగా ఉంచుకున్నాడు. తినడానికి ఎలకలు పడేశాడు. రాత్రిళ్ళు ఊళ్ళోకి పంపి, అందంగా ఉన్నవాళ్ళని వలలో వేసి తెమ్మన్నాడు. వాడి శరీరమే ఆ వల. వీపు మీద కత్తితో ఏదో చెక్కాడు. ఈ రక్తపిశాచులకి అద్దంలో రూపం కనబడదు. తన వీపు మీద ఏముందో వాడికే తెలియదు.

"పాపం!" అన్నాను నేను.

మా అమ్మాయి మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది. "అమ్మా, ఆ మాట నాతో నువ్వు ఎన్నిసార్లన్నావో గుర్తుందా?" అంది.

గుర్తుంది. మూడుసార్లు.

మన భాషలో ఇదొక విచిత్రం. చేసిన తప్పు పాపం. తప్పు చేసినవాడి మీద జాలి కలిగినా పాపం. ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఒకే మాట అటూ ఇటూ ఎంత సులువుగా జారిపోతుందో ఆ రాత్రి దాకా ఆలోచించలేదు.

మొదటిసారి పెళ్ళయిన ఏడాదికి. అతను ఫోన్ లాక్కుని మెసేజీలు చదువుతున్నాడని చెప్పింది. తర్వాత అతనే ఏడ్చాడట. చిన్నప్పుడు తండ్రి బెల్టుతో కొట్టేవాడని, ఎవరినీ నమ్మడం తనకి చేతకాదని చెప్పాడట. "పాపం, ప్రేమ ఎరగని పిల్లాడు, కాస్త ఓపిక పట్టు" అన్నాను. రెండోసారి కంచం గోడకేసి కొట్టినప్పుడు. అప్పుడూ ఏడ్చాడు, అప్పుడూ అదే అన్నాను. మూడోసారి 2019లో, చెంప మీద కొట్టినప్పుడు. ఆ వారమే నేను మా కాలేజీలో 2005 నాటి గృహహింస చట్టం మీద ఉపన్యాసం ఇచ్చాను. మాటలతో, డబ్బుతో, అనుమానంతో చేసేది కూడా హింసేనని చట్టం ఒప్పుకుంది, మనమే ఒప్పుకోవడం లేదు అని గట్టిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. సాయంత్రం ఫోన్లో నా కూతురికి, "తప్పే, కాదనను. కానీ అతను కూడా బాధితుడే కదమ్మా" అన్నాను.

నాలుగోసారి నాకు ఫోన్ రాలేదు. 2021లో ఒక రాత్రి బ్యాగు తీసుకుని క్యాబ్ ఎక్కి, దుర్గం చెరువు తీగల వంతెన దాటి, మాదాపూర్‌లో స్నేహితురాలుండే లేడీస్ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అది కూడా ఆ స్నేహితురాలి ద్వారా.

అలాంటి పిల్ల ఈ రక్తపిశాచి కథ కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. నాకు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. నిజం మనిషిని వదిలేసి వచ్చినదానివి, ఈ బొమ్మ మీద ఎందుకే నీకింత జాలి అని అడిగేశాను.

"అక్కడ వాడు ఏడుస్తుంటే నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చమ్మా. వచ్చేదాకా వాడు అలాగే ఆగి ఉంటాడు" అంది.

తర్వాత ఆటలోని మీటరు చూపించింది. ప్రతి సహచరుడికీ ఒకటి ఉంటుంది. మనం ఏదైనా చేసినప్పుడు వాడికి నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే నచ్చలేదని తెర మూల చిన్న అక్షరాలు పడతాయి. దాన్ని అప్రూవల్ అంటారు. అది పెరిగితే మనసు విప్పుతాడు, మరీ తగ్గితే వదిలి పోవచ్చు. "ఆఫీసులో అప్రైజల్, ఇక్కడ అప్రూవల్" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ మీటరు కొలిచేది ఒక వైపే. నేను వాడికి ఎంత నచ్చానో అందులో తెలుస్తుంది. వాడు నాకు ఎంత నచ్చాడో కొలిచే మీటరు ఆ తెర మీద ఎక్కడా లేదు. కంచం గోడకి తగిలిన ఇంట్లో కూడా ఒక మీటరు ఉండేది. ఇవాళ కూరలో ఉప్పు నచ్చింది, ఫోన్ రెండో రింగుకే ఎత్తినందుకు నచ్చింది, ఆఫీసు వాళ్ళతో భోజనానికి వెళ్ళడం నచ్చలేదు. నా పిల్ల ఐదేళ్ళు ఆ అక్షరాలు చూసుకుంటూ బతికింది. అది పడిపోతున్నప్పుడల్లా పెంచుకోమని ఫోన్లో సలహా ఇచ్చినదాన్ని నేను.

ఆట నేర్పమని నేనే అడిగాను. అరవై దాటిన వేళ్ళకి ఆ కీబోర్డు లొంగడానికి నెల పట్టింది. నా పాత్రకి నెరిసిన జుట్టు పెట్టుకున్నాను. అస్టారియన్ వచ్చి గొంతు మీద కత్తి పెట్టగానే, ఇక క్షమాపణలూ తియ్యటి మాటలూ వినలేదు. వాణ్ణి వెంట రానివ్వకుండా నా దారిన నేను పోయాను. చాలా గర్వంగా అనిపించింది. మూడుసార్లు చెయ్యలేకపోయిన పని నాలుగోసారి చేసినట్టు.

మా అమ్మాయి చూసి, "సరే, నీ ఇష్టం. కానీ వాడి కథ ఇక నీకు తెలియదు" అంది. "తెలియకపోతే పోయె" అన్నాను. "వాడి కథలో వాడొక్కడే లేడమ్మా" అంది.

ఆ మాట నన్ను కొన్నాళ్ళు పట్టుకుని వదల్లేదు. నేను పాఠం చెప్పిన పుస్తకాల్లోకి లాక్కుపోయింది.

కన్యాశుల్కం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గిరీశం నోరు విప్పితే చాలు, క్లాసు క్లాసంతా నవ్వు. నేనూ నవ్వేదాన్ని. అబద్ధాలకోరు, అవకాశవాది, బాలవితంతువు బుచ్చమ్మని సంస్కరణ కబుర్లతో లేవదీసుకుపోయినవాడు. అయినా వాడు మనకి ఇష్టం. కారణం వాడి గుణం కాదు. గురజాడ వాడికి ఇచ్చినంత మాట బుచ్చమ్మకి ఇవ్వలేదు. అప్పారావుగారు 1909లో తిరగరాసి అచ్చువేసిన ఆ పెద్ద నాటకంలో బుచ్చమ్మ నోట వచ్చే మాటలు కొద్ది. చివరికి గిరీశం ఆట కట్టయిందని నవ్వుకుంటూ లేస్తాం గానీ, బుచ్చమ్మని దూరాన ఉన్న వితంతు శరణాలయానికి పంపాలని పెద్దమనుషులు తేల్చినప్పుడు ఆ పిల్ల మనసులో ఏముందని అడిగిన విద్యార్థిని నాకు ఒక్కతే గుర్తు. ఆమెకి నేను సరైన జవాబు చెప్పలేదు.

కర్ణుడి సంగతి మరీ స్పష్టం. తెలుగువాళ్ళకి కర్ణుడంటే కన్నీళ్ళు. ఎన్.టి. రామారావు 1977లో తీసిన దానవీరశూరకర్ణలో కర్ణుడూ ఆయనే, సుయోధనుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే. కుంతి నదిలో వదిలేసిన బిడ్డ, కులం పేరుతో అడుగడుగునా అవమానం పొందినవాడు, తనని మనిషిగా చూసిన ఒకే ఒక్కడికి ప్రాణమిచ్చినవాడు. ఈ జాలిలో అబద్ధం లేదు. ఆ కులావమానం ఇవాళ్టికీ ఈ దేశంలో ఉన్నదే. కానీ సభాపర్వంలో ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు, ఐదుగురు భర్తలున్న ఆడది కులట అని, ఆమె బట్టలు ఒలవమని అన్న నోరు కూడా కర్ణుడిదే. రెండూ ఒకే మనిషి. మొదటిది గుర్తుంచుకోవడానికి రెండోది మరిచిపోవడం మనకి అలవాటైపోయింది. పాచికల్లో పందెంగా పోయిన ఆడమనిషి నిండు సభలో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేని పెద్దలు, అవమానించిన వాడి చిన్ననాటి కథ మాత్రం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు.

ఇవన్నీ తలకెక్కించుకుని మళ్ళీ మా అమ్మాయి పక్కన కుర్చీ వేసుకున్నాను. నా ఆటలో లేని కథ దాని ఆటలో చూశాను. రెండు సన్నివేశాల గురించి చెప్తాను.

ఒకటి. కథ మధ్యలో ఆరాజ్ అనే ఆమె అస్టారియన్ తన మెడ కొరకాలని కోరుతుంది. బదులుగా విలువైన మందు ఇస్తానంటుంది. వాడికి ఇష్టం లేదు. చెయ్యమని మనం బలవంతపెట్టవచ్చు. ఆ జవాబూ తెర మీద ఉంటుంది. మా అమ్మాయి బలవంతపెట్టలేదు. తర్వాత వాడు ఒంటరిగా వచ్చి, రెండు వందల ఏళ్ళలో తన శరీరం గురించి తనకి వద్దనే హక్కు లేకపోయిందని అర్థం వచ్చేలా మాట్లాడతాడు. నీతో ప్రేమగా ఉన్నది కూడా మొదట నీ రక్షణ కోసం వేసిన ఎత్తేనని ఒప్పుకుంటాడు. ఆడవాళ్ళ మీద జరిగే లైంగిక దోపిడీ గురించి నలభై ఏళ్ళు చదివినదాన్ని. ఒక మగవాడు, అందులోనూ వెటకారం చేసే దుష్టుడు, ఆ అనుభవాన్ని చెప్తుంటే వినడం నాకు కొత్త. ఇక్కడ పాపం అనడానికి నాకు సిగ్గనిపించలేదు.

రెండోది ఉల్మా. గుర్ అనే సంచార జాతి పెద్ద ఆమె, ముసలావిడ. నా నెరిసిన జుట్టు పాత్రలాగే ఉంటుంది. అస్టారియన్‌ని చూసి ఆమె అడిగేది ఒకటే, మా పిల్లలేరి అని. యజమాని ఆజ్ఞ మీద ఆ పిల్లల్ని ఎత్తుకుపోయింది వాడే. వాడు మొదట దబాయిస్తాడు, తర్వాత తప్పించుకోలేకపోతాడు. కాజడార్ మేడ కింద చెరసాలలో ఆ పిల్లలుంటారు. వాళ్ళతో పాటు వాడూ, వాడిలాంటి ఇతర బానిసలూ ఇన్నేళ్ళుగా వలవేసి తెచ్చినవాళ్ళు ఉంటారు. చచ్చిపోయారనుకున్నవాళ్ళు. మొత్తం ఏడు వేల మంది. ఆ వీపు మీద చెక్కిన రాతకి అర్థం అప్పుడు తెలుస్తుంది. ఈ ఏడు వేల ప్రాణాలూ బలిస్తే మహాశక్తి వస్తుంది. ఆ శక్తి కాజడార్‌కి దక్కకుండా అస్టారియన్ తానే పొందవచ్చు. ఎండలో తిరగవచ్చు, ఇక ఎవరికీ భయపడనక్కరలేదు. అందుకు మన సాయం అడుగుతాడు.

నాకు చెయ్యి వణికింది. ఎందుకంటే అప్పటికి వాడి మీద నాకు నిజంగానే ప్రేమ కలిగింది. ఇంత బాధపడ్డవాడు ఒక్కసారి నిర్భయంగా బతకాలనుకోవడంలో తప్పేముందనిపించింది. ఆ ఏడు వేల మందిలో నాకు పేర్లు తెలిసినవాళ్ళు కొద్దిమంది. వాడి గొంతు మాత్రం రెండు నెలలుగా ప్రతి రాత్రీ మా ఇంట్లో వినిపిస్తోంది.

ఫోన్లో కూడా ఇదే జరిగింది కదా అనిపించింది. అల్లుడి చిన్నతనం గురించి అన్నీ నాకు తెలుసు. బెల్టు, తండ్రి, చీకటి గది, అన్నీ. నా కూతురి చెంప ఎలా ఉందో నేను చూడలేదు. వాచిందా అని అడగలేదు కూడా.

మా అమ్మాయి వద్దని చెప్పే జవాబు ఎంచుకుంది. ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లింది. ఆ పాచిక కలిసి రాకపోతే వాడు మాట వినడు. కలిసొచ్చింది. అస్టారియన్ కాజడార్‌ని తన చేత్తో పొడిచి చంపి, కూలబడి, పెద్దపెట్టున ఏడ్చాడు. ఏడు వేల మందినీ వదిలిపెట్టారు. ఉల్మా పిల్లలు వాళ్ళవాళ్ళ దగ్గరికి చేరారు, కానీ మనుషుల్లా కాదు, వాళ్ళూ రక్తపిశాచులై. ఎవరూ మునుపటిలా అవ్వలేదు.

"చూశావా, మళ్ళీ ఒక ఆడది మాట చెప్తే గానీ మగాడు బాగుపడలేదు" అని దెప్పాను. మన కథలన్నీ ఇంతే కదా అని నా బాధ. అది ఒప్పుకుంది. ఆడేవాళ్ళు మగ పాత్రతో ఆడినా ఇదే కథ, కానీ ఆ పని భారం మనవైపే ఉందన్నది నిజమే అంది. ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 2011లో, హాస్టల్లో డ్రాగన్ ఏజ్ 2 అనే ఆట ఆడిందట. దాన్ని తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి మన హైదరాబాదులో కూడా ఆఫీసుంది. అందులో ఆండర్స్ అనే సహచరుడు అణచివేతకి గురయిన తన మంత్రగాళ్ళ కోసం పోరాడతాడు. మనతో అబద్ధం చెప్పి కావలసినవి పోగుచేయించుకుని, చివరికి ప్రార్థనా మందిరాన్ని లోపలున్నవాళ్ళతో సహా పేల్చేస్తాడు. తర్వాత మౌనంగా కూర్చుని మన తీర్పు కోసం ఎదురుచూస్తాడు. చంపవచ్చు, పంపేయవచ్చు, వెంట ఉంచుకోవచ్చు. మనం ఎంత దగ్గరి స్నేహితులమైనా, ఎంత మంచిగా మాట్లాడినా ఆ పేలుడు ఆగదు. "అప్పుడు నాకు చాలా కోపం వచ్చిందమ్మా. వాడి కోసం అంత చేశాను కదా అని. ఇప్పుడాలోచిస్తే అదే నిజంగా ఉందనిపిస్తుంది. వాడు చేసింది వాడు చేశాడు. నా ప్రేమ తక్కువై చెయ్యలేదు" అంది.

మరి క్రూరమైన ఆడ సహచరుల మాటేమిటని కూడా అడిగాను. ఉంది, మిన్‌తారా. శరణార్థుల మీదికి దండెత్తే సేనాని. ఆమె మనసునీ ఒక మతం చెరపట్టి ఉంటుంది. ఆట విడుదలైన కొత్తల్లో ఆమెని వెంట తెచ్చుకోవడానికి ఉన్న దారి ఆ ఊచకోతలో మనమూ చెయ్యి కలపడమే. తర్వాత వచ్చిన మార్పుల్లో, చంపకుండా పడగొట్టి కూడా తెచ్చుకునే వీలు కల్పించారు. కత్తి పెట్టిన అస్టారియన్ కథ వినడానికి మొదటి రోజే తలుపు తెరిచి ఉంది. మిన్‌తారా కథ వినాలంటే ముందు మన చేతులకి రక్తం అంటాలి. ఓల్గా విముక్తలో శూర్పణఖని సీత ఎదుట కూర్చోబెట్టిన కథ నాకు గుర్తొచ్చింది. ముక్కూ చెవులూ పోయిన ఆ రాక్షసి ఒక తోట పెంచుకుని బతుకుతోందని మనకి తెలియడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టింది! దుర్మార్గులైన మగవాళ్ళ చిన్నతనాలు మనకి నోటికొచ్చు.

ఇంతకీ ఇలాంటి సహచరులు మన సానుభూతికి అర్హులా? అర్హత అనే మాట దగ్గరే నాకు చిక్కొచ్చింది. అస్టారియన్ పడ్డ బాధ నిజం, దానికి పాపం అనడానికి వాడు మంచివాడని రుజువు చేసుకోనక్కరలేదు. బానిసగా చేసిన పనులకి కాజడార్ బాధ్యత ఎక్కువ, అదీ ఒప్పుకుంటాను. కానీ విముక్తుడయ్యాక ఏడు వేల మందిని బలివ్వాలనుకోవడం వాడి సొంత కోరిక. అప్పుడు నా జాలిని వాడు ఆ బలి ఖర్చుకి వాడుకోబోయాడు. అక్కడ నేను చెయ్యి వెనక్కి తీసుకోవాలి. నా అల్లుడి చిన్నతనం మీద నాకు జాలి ఉండటం తప్పు కాదు, ఇప్పటికీ ఉంది. ఆ జాలికి వెల నా కూతురి చేత కట్టించాను. ఉల్మా కంటే ముందు అస్టారియన్‌కి పాపం అన్నాను.

ఈ ముగింపుకి వచ్చాననుకున్నాక పరీక్ష వచ్చింది. పోయిన నెల అతని తల్లి ఫోన్ చేసింది. 2022లో విడాకులయ్యాక ఆవిడ మాట్లాడటం అదే మొదలు. "వదినగారూ, వాడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడండీ. చాలా మారాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొడుతుంటే నేను అడ్డం వెళ్ళలేకపోయాను. ఆ పాపం నాదే. ఒక్కసారి అమ్మాయితో మాట్లాడించండి" అని ఏడ్చింది. ఆవిడ కూడా ఆ బెల్టు దెబ్బలు తిన్నదేనని అప్పుడే తెలిసింది నాకు. ఇన్నేళ్ళలో ఆవిడ కథ ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

చాలాసేపు విన్నాను. మధ్యలో పెట్టెయ్యలేదు. చివరికి, "అతను బాగుపడితే నాకూ సంతోషమే వదినగారూ. మీకు ఎప్పుడు మాట్లాడాలనిపించినా నాకు చెయ్యండి. మా అమ్మాయితో మాత్రం నేను మాట్లాడించను" అన్నాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "అలాగేనండీ" అంది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. కొడుకు ఊసు ఎత్తలేదు. తన మోకాళ్ళ నొప్పుల గురించి, మొక్కల గురించి మాట్లాడింది.

ఫోన్ సంగతి ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. దాచకూడదనిపించింది. విని, "థాంక్స్ అమ్మా" అని మళ్ళీ తెర వైపు తిరిగింది. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది అప్పుడు అడిగాను.

"మరి నేను? నీ కథలో నేనూ అలాంటిదాన్నేగా. నీ పక్కన ఉన్నాననుకుంటూనే మూడుసార్లు అటువైపు నిలబడ్డాను."

వెంటనే జవాబివ్వలేదు. ఈ ఆటలో సహచరులు ఎంతమంది ఉన్నా ఒకసారికి ముగ్గురినే వెంట తీసుకెళ్ళగలం. మిగిలినవాళ్ళు నెగడు దగ్గర గుడారాల్లో ఉంటారు. వాళ్ళని పొమ్మన్నట్టు కాదు. మా అమ్మాయి నెగడు వైపు చూపించింది.

"నిన్ను ఇక్కడ ఉంచాను కదమ్మా. అన్ని చోట్లకీ తీసుకెళ్ళను, అంతే" అంది.

నొప్పి కలిగింది. అయినా న్యాయంగానే ఉందనిపించింది. లేచి వెళ్ళి దానికి పాలు వెచ్చబెట్టి తెచ్చాను. కప్పు పక్కన పెట్టి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. మర్నాడు పగలు, అది ఆఫీసుకి వెళ్ళాక, నా ఆట మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను. తెల్లజుట్టు వాడు వచ్చి గొంతు మీద కత్తి పెట్టాడు. ఈసారి రానిచ్చాను. ఉల్మా దాకా వెళ్ళాలంటే వాడితో నడవాలి.